తునికాకు సెలవులు

ఉట్నూర్,
మే 8.

ప్రియమైన దోస్తుకు,

నీ ఉత్తరం అందింది. పిల్లల ఫొటోలు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. పెద్దది అచ్చం నీ పోలికే, చిన్నోడిది మాత్రం అన్నయ్య ముక్కు. ఇక్కడి ఎండల గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది? మధ్యాహ్నానికి 44 దాటుతోంది. పది కొట్టేసరికి రోడ్డు మీద పురుగు కనిపించదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఇంకా ముందే ఉంది. మామిడికాయ తొక్కు పెట్టాను. నీ పేరు చెప్పి ఒక సీసా పక్కన ఉంచాను, అటు వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపిస్తాను.

ఇక నువ్వడిగిన సంగతి. ఏప్రిల్ 24 నుంచి బడులకు సెలవులు, జూన్ 12న తెరుస్తారు. నడుమ 49 రోజులు. ‘ఇన్నాళ్లు మన ఆశ్రమ పాఠశాల పిల్లలు ఏం చేస్తారు? చదివిందంతా మరిచిపోరా? మేం నలుగురం డబ్బులు వేసుకొని ఒక సమ్మర్ క్యాంపు పెట్టిస్తాం, లేదంటే ట్యాబులు కొనిస్తాం, ఏది మంచిదో చెప్పు’ అని రాశావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే మాట కాదు, అందుకే ఉత్తరం. కొంచెం పొడవైతే ఓపిక పట్టి చదువు.

ముందు ఎవరి పిల్లలు ఎక్కడున్నారో చెప్తాను. ఆదిలాబాద్ పట్టణం పిల్లలకు ఏ లోటూ లేదు. పొద్దున స్టేడియంలో ఆటల శిబిరం, బాలకేంద్రంలో పాటలు, డాన్సు, సందుకొకటి స్పోకెన్ ఇంగ్లిష్, అబాకస్. కొన్ని ప్రైవేటు బడులైతే సెలవులివ్వకముందే పై తరగతి పుస్తకాలు అంటగట్టి, థర్మాకోల్ ప్రాజెక్టుల జాబితా చేతిలో పెడతాయి. వాటిని జూన్ 10 రాత్రి కూర్చొని తల్లులు చేస్తారు, 12న పిల్లలు మోసుకుపోతారు. మైదానం పల్లెల పిల్లలు అమ్మమ్మగారింటికి పోతారు, పెండ్లిళ్లకు పోతారు, పత్తి కట్టె ఏరిన చేన్లలో క్రికెట్ ఆడతారు.

మన పిల్లలు మాత్రం ఒక్క పూటలో కనిపించకుండా పోతారు. ఆఖరి పనిదినం సాయంత్రం హాస్టల్ వాకిలి నీకు గుర్తుండే ఉంటుంది. రేకు పెట్టెలు, చుట్టిన దుప్పట్లు, ఆటోల్లో, మోటారు సైకిళ్ల మీద వచ్చిన తండ్రులు. చీకటి పడేసరికి జైనూర్, నార్నూర్, గాదిగూడ, ఇంద్రవెల్లి, లింగాపూర్, తిర్యాణి, ఎక్కడెక్కడి గూడేలకో ఆ పిల్లలు చెదిరిపోతారు. ఇప్పుడు నువ్వే చెప్పు. ఉట్నూర్‌లో సమ్మర్ క్యాంపు పెడితే ఎవరొస్తారు? ఉట్నూర్‌లో ఉన్న ఉద్యోగస్తుల పిల్లలు వస్తారు. వాళ్లకు ఇప్పటికే ట్యూషన్లున్నాయి. ఎవరి కోసం నువ్వు బెంగ పడుతున్నావో ఆ పిల్లకు ఉట్నూర్ రావాలంటే బస్సు ఛార్జీ కావాలి, తోడు కావాలి, ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకునే ఇంకో మనిషి కావాలి.

ఇక మరుపు సంగతి. నీ భయం ఉత్తదేం కాదు. మీ అమెరికాలోనే దీని మీద చాలా పరిశోధన జరిగింది. 1996లో హ్యారిస్ కూపర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూడేసి చూస్తే, వేసవి సెలవుల్లో పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనక్కి పోతున్నారని తేలింది. చదవడం కన్నా లెక్కల్లో నష్టం ఎక్కువ. బాల్టిమోర్ నగరంలో డోరిస్ ఎంట్‌విజిల్, కార్ల్ అలెగ్జాండర్ 1982లో ఒకటో తరగతి పిల్లలను ఎంచుకొని ఏళ్ల తరబడి వెంబడించారు. బడి నడిచినన్నాళ్లు పేదింటి పిల్లలు, ఉన్నోళ్ల పిల్లలు దాదాపు సమానంగానే నేర్చుకున్నారు. తేడా అంతా సెలవుల్లోనే పెరిగింది. బడి కుళాయి లాంటిది, తిప్పినంతసేపు అందరి కుండలూ నిండుతాయి, కట్టేశాక ఇంట్లో బావి ఉన్నవాళ్లకే నీళ్లు అని వాళ్లు చెప్పినదాని సారాంశం. అయితే 2019లో పాల్ వాన్ హిప్పెల్ వంటి వాళ్లు ఆ పాత లెక్కలను తిరగదోడి, పరీక్ష పెట్టే పద్ధతి మారితే ఈ నష్టం సైజు కూడా మారుతోందని చూపించారు. కాబట్టి ‘ఇంత శాతం మరిచిపోతారు’ అని ఎవరైనా బల్లగుద్ది చెప్తే నమ్మకు.

జూన్‌లో పలక మీద కనిపించేది మాత్రం మాకు తెలుసు. ఏప్రిల్‌లో చిన్న వాక్యం కూడబలుక్కొని చదివిన పిల్ల, జూన్‌లో గుణింతాల దగ్గర ఆగిపోతుంది. ‘తొలిమెట్టు’ కింద, అంటే 2022 ఆగస్టు 15 నుంచి ప్రాథమిక తరగతుల్లో నడుస్తున్న కార్యక్రమంలో, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో మేం రాసిపెట్టుకుంటాం. జూన్‌లో ఆ పట్టిక ముందేసుకుంటే చాలామంది ఒక మెట్టు దిగి కనిపిస్తారు. బాగా చదవడం వచ్చిన పిల్ల దిగదు. అసలు అక్షరాలే రాని పిల్లకు దిగడానికి మెట్టే లేదు. నష్టపోయేది నడుమ ఉన్నవాళ్లు, ఇప్పుడిప్పుడే చదువు పట్టుబడుతున్నవాళ్లు. వాళ్లే ఎక్కువమంది. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలో పల్లెల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 23 మందే. మిగిలిన 77 మందిలో అంచు మీద ఉన్నవాళ్లకు ఈ 49 రోజులు చాలా బరువు.

అలాగని ఈ రోజుల్లో వాళ్లేమీ నేర్చుకోవడం లేదనుకుంటే పొరపాటు. మొన్న తిర్యాణి వైపు ఒక గూడేనికి పోయాను. తునికాకు రోజులు కదా. ఫాల్గుణంలో కొమ్మ కొట్టిన చెట్లకు లేత ఆకు వచ్చింది. కోడి కూయకముందే తల్లీపిల్లలు అడవికి పోయి, ఎండ ముదరకముందే మూటలతో తిరిగొస్తారు. ఆ తర్వాత నీడ పట్టున కూర్చొని చిల్లులు పడ్డవి, మచ్చలున్నవి పారేసి, యాభై ఆకుల చొప్పున పేర్చి నారతో కట్ట కడతారు. నాలుగో తరగతి పూర్తిచేసిన పిల్ల ఒకతి నాతో మాట్లాడుతూనే కట్టలు కడుతోంది. లెక్క తప్పలేదు. పెద్ద ఆకు కిందికి, చిన్నది పైకి, అది కూడా తప్పలేదు. సాయంత్రం ఆకు కట్టలు కొనే కల్లం దగ్గరికి నేనూ పోయాను. వాళ్లింటివి 135 కట్టలు. కట్టకు మూడు రూపాయలైతే ఎంతొస్తాయే అనడిగాను. ఆలోచించనైనా లేదు. ‘నూటికి మూడు నూర్లు, ముప్పైకి తొంభై, ఐదుకు పదిహేను. నాలుగు నూర్ల ఐదు మేడం’ అంది. కట్టలు లెక్కపెట్టి తీసుకునే కల్లేదారు తలెత్తి చూశాడు.

అదే లెక్క నా సంచిలోని నోట్‌బుక్కులో 135 ఇంటూ 3 అని రాసిచ్చాను. మూడైదులు పదిహేను అని కింద 15 మొత్తం వేసింది, దాని ముందు 9, దాని ముందు 3. జవాబు 3915. చూసి తనకే అనుమానం రాలేదు. ఎందుకంటే ఆ పిల్ల దృష్టిలో కల్లం దగ్గరి లెక్క వేరు, నోట్‌బుక్కు లెక్క వేరు. ఒకటి డబ్బు, ఇంకోటి బడి.

ఇది మన అడవి పిల్లల వింత కాదు. బ్రెజిల్‌లో రెసిఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం అచ్చయింది. బేరంలో నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పిన పిల్లలే, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 మాత్రమే చేయగలిగారు. మన దేశంలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలతో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే తేలింది. దానికి తోడు ఇంకో సంగతి కూడా బయటపడింది: బజారు మొహం చూడని బడి పిల్లలకు కాగితం లెక్కలు వస్తాయి గానీ, బేరం లెక్క ఇస్తే చేతులెత్తేస్తారు. రెండు వైపులా సగం సగం చదువే అన్నమాట.

కాబట్టి సెలవుల్లో లెక్కలంటే వర్క్‌షీట్లు పంచడం కాదు. ఆ పిల్లకు ఒక నోట్‌బుక్కు ఇచ్చి, ‘రోజూ ఎన్ని కట్టలు కట్టారో, కల్లేదారు ఎన్ని తీసుకున్నాడో, ఎన్ని పక్కన పడేశాడో, ఎంత రావాలో రాసి జూన్‌లో తెచ్చి చూపించు’ అనాలి. అంతకన్నా మంచి గుణకారం, తీసివేత ఏ పుస్తకంలోనూ లేవు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. సీజన్ ఆఖరున డబ్బులు చేతికొచ్చేటప్పుడు ఆ ఇంట్లో తమ లెక్క తమ దగ్గర రాసి ఉంటుంది. చదువుకున్న పిల్ల ఇంటికేం పనికొస్తుందో తల్లికి ఆ రోజు తెలుస్తుంది. ఇప్పపువ్వు ఏరిన ఇల్లయితే పచ్చిది ఎన్ని కిలోలు, ఎండాక ఎన్ని కిలోలు అయిందో రాయమను. నేనా పిల్లకు ఇదే చెప్పి, ఆ నోట్‌బుక్కు అక్కడే ఇచ్చి వచ్చాను.

లెక్కల కన్నా చిక్కుముడి భాషది. నువ్వు పనిచేసిన రోజుల్లో మనిద్దరం ఎంత తిప్పలు పడ్డామో నీకు తెలుసు. ఇంట్లో గోండి, కోలామి. బడిలో తెలుగు. 2022–23 నుంచి పేరుకు ఇంగ్లిష్ మీడియం కూడా, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. సెలవుల్లో ఆ పిల్లల చెవిన తెలుగు మాట పడేది సంతలోనే. జూన్‌లో వెనక్కి పోయినట్టు కనిపించేదాంట్లో సగం ఇదే. చదువు మరిచిపోవడం కాదు, ఆ భాష వాడకంలో లేకపోవడం.

ఇది నీకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లో జరిగేదే, కాకపోతే తిరగేసి. మీ పిల్లలకు బడి భాష ఇంగ్లిష్, ఇంటి భాష తెలుగు. అక్కడ 2007లో సిలికానాంధ్ర వాళ్లు ‘మనబడి’ పెట్టారు. వారాంతాల్లో కారేసుకొని పోయి తెలుగు అక్షరాలు దిద్దించుకొస్తున్నావు. ఇంటి భాష పోతుందని నీకెంత గుబులో, ఇక్కడి గోండు తల్లికీ అంతే ఉండొచ్చు, కానీ ఆమెను అడిగేవాళ్లు లేరు. సెలవుల్లో మీ పిల్లలు తెలుగు నేర్చుకుంటే ‘సంస్కృతి’ అంటాం. ఇక్కడి పిల్లలు 49 రోజులు గోండిలో కథలు విని, గోండిలో పాడి, గోండిలో పోట్లాడి వస్తే ‘మరిచిపోయి వచ్చారు’ అంటాం. ఇదెక్కడి న్యాయం?

ఇంటి భాషలో చదువు అనే మాట ఎప్పుడో పట్టించుకున్న మనిషి మన జిల్లాకే వచ్చాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ పోరాటం తర్వాత గోండుల బాధలేమిటో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది కదా. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించాడు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించాడు. అంటే 80 ఏళ్ల కిందటే మన అడవిలో ఇంటి భాషలో బడి నడిచింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు అదే మార్లవాయిలో పక్కపక్కన ఉన్నాయి, మనం డైట్‌లో టీచరు శిక్షణలో ఉన్నప్పుడు పోయి చూశాం. ఆ తర్వాత 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది, అందులో గోండి, కోలామి ఉన్నాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఆ లిపిలో ఇప్పుడు ఫోన్‌లో కూడా రాయొచ్చు. ఇన్ని జరిగినా మా పిల్లల సంచిలో గోండి పుస్తకం ఒక్కటి లేదు.

గోండి పుస్తకం మనమే తయారు చేసుకోవడానికి సెలవులకన్నా మంచి కాలం ఉండదు. ముసలమ్మలు ఇంట్లోనే ఉంటారు, పిల్లలూ ఇంట్లోనే ఉంటారు. ‘మీ ఊరికి ఆ పేరెందుకొచ్చింది? మీ ఇంటి దేవుని కథేంటి? నువ్వు పుట్టకముందు ఈ వాగులో ఏమేం చేపలుండేవి?’ అని అడిగి, వాళ్లు చెప్పింది గోండిలోనే, తెలుగు అక్షరాల్లో రాసుకు రమ్మనాలి. అక్షరాల సాధన సాగుతుంది, కథా మిగులుతుంది. పోయిన ఏడు ఐదో తరగతి వాళ్లు తెచ్చినవన్నీ సూదీదారంతో కుట్టి, అట్ట మీద పులి బొమ్మ గీసి బడిలో పెట్టాం. తప్పులు కుప్పలుగా ఉన్నాయి. అయినా బడిలో అన్నింటికన్నా ఎక్కువ నలిగిన పుస్తకం అదే. ఎందుకంటే అందులో వాళ్ల పేర్లున్నాయి, వాళ్ల ఊరి గుట్ట ఉంది.

చేతి పనుల సంగతి కూడా అంతే. జైనూర్ మండలం ఉషేగాంలో ఓజా పనివాళ్లు మట్టి ముద్ద మీద మైనపు తీగ చుట్టి, దాని మీద మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. ఈ పోత పనికే ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘనం, ద్రవం, ద్రవీభవనం అని సైన్సు పుస్తకంలో మేం నోటితో చెప్పేది అక్కడ కళ్ల ముందు జరుగుతుంది. ఆ ఊరి పిల్ల దాన్ని రోజూ చూస్తుంది, కానీ పరీక్షలో ద్రవీభవనం అంటే తెల్లమొహం వేస్తుంది. చూసింది రాయమని ఎవరూ అడగలేదు, అంతే.

ఇప్పుడు క్యాంపు మాట. పెట్టాలనుకుంటే ఉట్నూర్‌లో కాదు, గూడెంలో పెట్టాలి. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా, అడవికి పోయే ఇల్లయితే సాయంత్రం కల్లం పని ముగిశాక. టీచరు అక్కర్లేదు. ప్రతి పెద్ద గూడెంలో ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న అక్క ఒకతి ఉంటుంది. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చేస్తున్నది ఇదే. తరగతిని బట్టి కాకుండా అక్షరాలు వచ్చినవాళ్లు, పదాలు వచ్చినవాళ్లు, పేరా చదివేవాళ్లు అని గుంపులు చేసి కూర్చోబెడతారు. ఆ గుంపులు చేయడానికి ఒక కాగితం, పిల్లకు కొద్ది నిమిషాలు చాలు. పరీక్ష అనే మాటే రానివ్వరు.

కానీ కడుపు సంగతి చూడకుండా ఏ క్యాంపూ నిలవదు. బడి మూసిన రోజే మధ్యాహ్న భోజనం కూడా ఆగిపోతుంది. 2016 కరువులో, మే 13న సుప్రీంకోర్టు కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని తీర్పిచ్చింది. అది కరువు ఏటి మాట. మామూలు ఏళ్లలో ఎవరింటి అంబలి వాళ్లదే. అందుకని నీ స్నేహితుల డబ్బులో ఒక భాగం అక్క చేతి ఖర్చుకు, ఒక భాగం పల్లీపట్టీలకు, ఉడకబెట్టిన గుడ్లకు పోవాలి. ఇది వినడానికి చదువు ఖర్చులా ఉండదు, కానీ హాజరు దీన్ని బట్టే ఉంటుంది.

ఇంకో మాట. సెలవంటే సెలవే. పది నెలలు గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్న పిల్లలు వాళ్లు. అమ్మ పక్కన పడుకోవడానికి ఇంటికి పోయారు. చిర్రగోనె ఆడనీ, మొర్రిపండ్లకు తిరగనీ, పచ్చీసు గవ్వలతో పోట్లాడనీ. గంటన్నర కన్నా ఒక్క నిమిషం ఎక్కువ కూర్చోబెట్టొద్దు. నేర్పాల్సింది ఇంకొకటి ఉంటే అది ఈత. ప్రతి ఎండకాలం చెరువుల్లో, కుంటల్లో, కాలువల్లో మునిగి పిల్లలు పోయిన వార్త పేపర్లో చదవని వారం ఉండదు. పెద్దవాళ్లు ఒడ్డున ఉండి ఈత నేర్పే పనికి ఏ గూడెం వాళ్లూ కాదనరు.

ట్యాబులు మాత్రం వద్దు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, సిగ్నల్ గుట్టెక్కితేనే, అది దొరికిన రోజున పెద్దన్న రీల్స్ చూస్తాడు. పుస్తకం సంగతి చెప్తాను విను. ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్ ఫ్రాంజెన్ 17 పేద బడుల పిల్లలు 852 మందికి వరుసగా మూడు వేసవుల్లో, సెలవులకు ముందు, తలా 12 పుస్తకాలు ఇచ్చారు. పాఠాలు లేవు, ప్రశ్నలు లేవు, నివేదికలు లేవు. పిల్లలు తమకు నచ్చినవి తామే ఎంచుకున్నారు, పుస్తకాలు వాళ్లకే సొంతం. మూడేళ్ల తర్వాత చూస్తే చదవడంలో వాళ్లు మిగతా పిల్లలను దాటిపోయారు. ఆ లాభం సమ్మర్ స్కూలు పెడితే వచ్చే లాభానికి సాటిగా ఉంది. అంత తేలిక పని ఇది.

‘లైబ్రరీ లేదా?’ అంటావేమో. ఇక్కడ కూడా ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంది. అందులో ఉద్యోగ పరీక్షల పుస్తకాలు, నాలుగు పేపర్లు. గూడెం పిల్ల అంతదూరం రాదు, వచ్చినా ఆ పిల్ల చదివేది అక్కడ ఉండదు. మీ దగ్గర పబ్లిక్ లైబ్రరీలో వేసవి పోటీ పెట్టి, ఇన్ని పుస్తకాలు చదివితే ఈ బహుమతి అని పిల్లలను పిలుస్తారని రాశావు కదా. ఇక్కడ పుస్తకమే పిల్ల దగ్గరికి పోవాలి.

అందుకే నా మాట ఇది. మన తెలుగులో బొమ్మలున్న చిన్న పుస్తకాలు చవకగానే దొరుకుతున్నాయి. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం వాళ్లవి ఉన్నాయి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి ఉన్నాయి. పిల్లకు 12 పుస్తకాలు, ఒక తెల్ల నోట్‌బుక్కు, రెండు పెన్సిళ్లు, అన్నీ కలిపి 500 రూపాయలనుకో. పదివేల ట్యాబు ఒక్కటి కొనే డబ్బుతో ఇరవై ఇళ్లలోకి పుస్తకాలు పోతాయి. ఒక గూడెంలో ఇరవై మంది చేతిలో వేరు వేరు పుస్తకాలుంటే అదే లైబ్రరీ. పిల్లలే మార్చుకుంటారు. పోతాయని, చినుగుతాయని బడుల్లో పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. చినగనీ. వానకు తడవనీ, చెల్లె పెన్సిలుతో గీతలు పెట్టనీ. బీరువాలో కొత్తగా మెరిసే పుస్తకం కన్నా అది నయం. జూన్‌లో వెనక్కి ఇవ్వమని అడగొద్దు.

ఈ సెలవులకు మనకు సమయం మించిపోయింది. ఇప్పుడు ఎంత డబ్బు పంపినా చెదిరిపోయిన పిల్లలను వెతికి పట్టుకోలేం. జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాటకు ఊరూరా తిరిగినప్పుడు ఏ గూడెంలో ఎందరు పిల్లలున్నారో, చదువు చెప్పగల అక్కలెవరున్నారో రాసుకొస్తాను. నువ్వు అక్కడ నీ వాళ్లతో మాట్లాడి డబ్బు కూడబెట్టు. దసరా తర్వాత పుస్తకాలు ఏరుదాం. నేను జాబితా పంపుతాను, నువ్వు నీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చదివించి చూడు, వాళ్లకు విసుగొచ్చినవి తీసేద్దాం. వీలైతే వచ్చే సెలవుల్లో పిల్లలను తీసుకొని రా. ఎండ అంటావా, జూన్ రెండో వారం మొదట్లో వస్తే మృగశిర చినుకులు కూడా చూపిస్తాను. నీ కూతురు తెలుగులో చదివిన కథ మా పిల్లలు గోండిలో చెప్పి వినిపిస్తారు.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. పిల్లలు మనకు ఒక్కచోట దొరికేది ఆఖరి పనిదినం వరకే. పుస్తకాలు వచ్చే ఏప్రిల్ మొదటి వారానికల్లా నా చేతికి రావాలి. బడి మూసే సాయంత్రం తండ్రులు వచ్చేలోపు ఒక్కో రేకు పెట్టెలో పన్నెండేసి సర్దాలి. ఆ పూట దాటిందంటే మళ్లీ 49 రోజులు పోయినట్టే. నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ,
ఉట్నూర్ దోస్తు